విమానయాన శాఖకు డోలీవాడి బహిరంగ లేఖ

కేంద్ర పౌర విమానయాన శాఖ పెద్దలకు,
అరకు కొండల నుంచి రాస్తున్నాను.

విషయం: డోలీని ఉడాన్ పథకంలో చేర్చవలసిందిగా విన్నపం.

అయ్యా,

విశాఖ నుంచి హైదరాబాద్ ఆకాశమార్గాన దాదాపు 500 కిలోమీటర్లు, గంటా పావు ప్రయాణం అంటారు. కాదనం. అదే విశాఖ నుంచి అరకుకు రోడ్డు మీద 115 కిలోమీటర్లే. అనంతగిరి ఘాట్ మలుపులన్నీ తిరిగి వచ్చేసరికి మూడు గంటలు దాటుతుంది. ఇక అక్కడి నుంచి మా కొండ మీది ఊరు ఎంత దూరమో కిలోమీటర్లలో అడక్కండి. ఎండాకాలమా, వానాకాలమా? ఒట్టి చేతులా, భుజాన బరువుందా? అది చెబితేనే లెక్క తేలుతుంది. ఎదురుగాలి వీస్తే మీ విమానానికీ ఆలస్యమేగా! మాకు ఎదురుగాలి పొంగే గెడ్డ రూపంలో వస్తుంది.

మా వాహనం వివరాలు: ఒక లావుపాటి కర్ర, దానికి వేలాడగట్టిన దుప్పటి, ముందొకరు, వెనకొకరు, భుజం మార్చుకోవడానికి మరో ఇద్దరు. దిగుడులో బరువంతా ముందువాడి మీదికే వస్తుంది. వెనకవాడు మడమలు నేలకు తన్నిపెట్టి కర్రను బిగబడతాడు. లోపల నెలలు నిండిన మనిషి రెండు చేతులా దుప్పటి అంచు పట్టుకుని ఉంటుంది. ఆమె కాలు నేలకు తగలదు కనుక దీన్ని విమానయానం కిందే జమకట్టాలి.

ఉడాన్ మొదలెట్టినప్పుడు గంట ప్రయాణానికి, అంటే సుమారు 500 కిలోమీటర్లకు, సగం సీట్ల వరకు 2,500 రూపాయలు మించకూడదన్నారు. మేం అదీ తీసుకోం. ఇవాళ మోసినవాడి ఇంటి మనిషిని రేపు మనం మోస్తే చెల్లు.

అర్హత సంగతా? హవాయి చెప్పులవాడు కూడా విమానమెక్కాలన్నది ప్రధాని గారి మాట. 2025 ఏప్రిల్‌లో ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ గారు డుంబ్రిగుడ మండలం పెదపాడు వచ్చి, వట్టి కాళ్లతో తిరిగే జనాన్ని చూసి ఊరికి చెప్పులు పంపించారు. ఇక విమానమే తరువాయి. పేరుకూ లోటు లేదు. 2022లో మా జిల్లాకు అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు, మీ భోగాపురం విమానాశ్రయానికీ ఆయన పేరే.

అసలు పేచీ గడియారం దగ్గర. మీ లెక్క విమానం కదిలినప్పుడు మొదలవుతుంది. ఇంటి నుంచి విమానాశ్రయానికి పట్టిన సమయం ప్రయాణికుడి ఖాతా. ఇక్కడా అంతే. తారురోడ్డు మీద అంబులెన్సు ఎక్కినప్పటి నుంచే ఆస్పత్రి ఎంతసేపని అడుగుతారు. కొండ దిగిన గంటలు ఎవరూ అడగరు. కనుక ఇంటి గడప నుంచి లెక్కకట్టే పద్ధతి ఒకటి పెట్టించండి. ఆ లెక్క కాగితమెక్కితే రోడ్డు ఎక్కడ వేయాలో అదే చెబుతుంది.

రోడ్డు మీ శాఖ కాదని తెలుసు. రోడ్లవాళ్లను అడిగితే అడవివాళ్లను చూపిస్తారు, అడవివాళ్లను అడిగితే అనుమతి కాగితం చూపించమంటారు. ఆకాశానికి అటవీ అనుమతి అక్కర్లేదు కదా అని మీకు రాశాను.

ఇట్లు,
డోలీ ముందు కొన మోసేవాడు