‘తమిళ్ తెరియాదు’ అనొద్దు

ఐరాల నుంచి చిత్తూరు పోయి, అక్కడ వేలూరు బస్సెక్కి సీఎంసీ ఆసుపత్రికి పోయేవాళ్లకు చెబుతున్నా. 30 రోజుల్లో తమిళం నేర్పే పుస్తకం కొనొద్దు. అక్షరాలూ వద్దు, విభక్తులూ వద్దు. పది వాక్యాలు తీసుకుని, ఏ ముక్కకు ఏ అర్థమో విడదీయకుండా బట్టీ కొట్టండి. చదువుకున్నవాళ్లు ఇది తప్పుడు పద్ధతంటారు. అననీయండి.

పనంతా వాక్యాలు ఎంచుకోవడంలోనే ఉంది. ప్రశ్న మీరు బట్టీ పట్టారు సరే, ఎదుటివాళ్ల జవాబు మీ బట్టీలో ఉండదు కదా! కాబట్టి అంకెతోనో, చేతి సైగతోనో జవాబు వచ్చే ప్రశ్నలే నేర్చుకోండి. ధర అడగాలంటే ‘ఎవ్వళవు?’ చాలు, కానీ అంతకుముందే నూరు దాకా తమిళ అంకెలు చెవికి అలవాటు కావాలి. ‘ఫార్మసీ ఎంగ ఇరుక్కు?’ అంటే ఎక్కడుందో చెయ్యి చూపిస్తారు. అందులో ఫార్మసీ తీసేసి క్యాంటీన్ పెట్టండి, లిఫ్ట్ పెట్టండి, బస్టాండ్ పెట్టండి. ఒక్క వాక్యంతో ఊరంతా తిరిగి రావచ్చు. ఎందుకు, ఎలా అనే ప్రశ్నల జోలికి మాత్రం ఇప్పుడే పోవద్దు.

తమిళం రాదని చెప్పే ‘ఎనక్కు తమిళ్ తెరియాదు’ని అందరూ మొదట నేర్చుకుంటారు. నేను ఆఖర్న నేర్చుకోమంటాను. ఆ మాట చెవిన పడగానే ఎదుటివాళ్లు తెలుగులోకి దిగిపోతారు. 1911 దాకా చిత్తూరు, వేలూరు రెండూ ఉత్తర ఆర్కాటు జిల్లాలోవే. తెలుగు వచ్చినవాళ్లకు అక్కడ కొదవేముంది? మీ తమిళం మాత్రం అక్కడే ఆగిపోతుంది. ‘పురియల, తిరుంబ సొల్లుంగ’ అనండి. అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి అంటున్నారు కాబట్టి తమిళంలోనే, ఇంకాస్త నిదానంగా చెబుతారు.

అమెరికాలో ఇంగ్లీషు కొత్తగా నేర్చుకుంటున్న ఐదుగురు స్పానిష్ మాట్లాడే పిల్లల్ని గమనించి, లిలీ వాంగ్ ఫిల్మోర్ 1976లో పరిశోధన గ్రంథం రాశారు. ఆ పిల్లలూ ముందు వాక్యాల్ని గంపగుత్తగా ఎత్తుకున్నారు, వాడగా వాడగా ముక్కలు విడదీసుకున్నారు. వ్యాకరణం వెనకాల వచ్చింది. మన కాణిపాకంలో తమిళ భక్తుల్ని ‘వాంగ, వాంగ’ అని పిలిచి బేరం కుదుర్చుకునేవాళ్లు ఏ బడిలో తమిళం చదివారు?

డాక్టరు ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఈ పది వాక్యాలూ పక్కన పెట్టేయండి. అర్థం కాకుండా ‘శరి, శరి’ అని తలాడించొద్దు. నొప్పి ఎప్పటినుంచో, ఏ మాత్ర పడదో తెలుగులోనే చెప్పండి. తెలుగు వచ్చిన మనిషిని పిలవమని గట్టిగా అడగండి.