స్ట్రెప్టోమైసిస్ నౌర్సీ ఆత్మకథ

స్ట్రెప్టోమైసిస్ నౌర్సీ మట్టిలో బతికే ఒక బ్యాక్టీరియా; ఇక్కడ చెప్పబోయే ఆత్మకథ దానిదే. ఆత్మకథలు సాధారణంగా నడిచే ఉత్తమ పురుష దీనికి పొసగదు. సిద్ధబీజం నుంచి తంతువు మొలిచి, తంతువు కొమ్మలు వేసి, కొమ్మల కొసన మళ్లీ సిద్ధబీజాలు గొలుసుకట్టుగా ఏర్పడి రాలిపోయే ఈ జాతిలో ఒక ప్రాణి ఎక్కడ ముగిసిందో, మరొకటి ఎక్కడ మొదలైందో ఆ ప్రాణికే తెలియదు కనుక, ఈ కథనంలో అది తన్ను తాను 'ఈ జీవి' అనే చెప్పుకుంటుంది. సిద్ధబీజం అంటే ఎండనూ కరువునూ ఓర్చుకుని, తేమా తిండీ దొరికే దాకా నిద్రాణంగా ఉండగల పునరుత్పత్తి కణం. తంతువులనూ సిద్ధబీజాలనూ చూసి పూర్వపు శాస్త్రజ్ఞులు కొందరు ఈ కుటుంబాన్ని శిలీంధ్రాలలో, అంటే బూజులు, పుట్టగొడుగులు, ఈస్టుల వర్గంలో కలిపేశారు. జీవితమంతా శిలీంధ్రాలతో పోటీలోనే గడిపిన ఈ జీవికి ఆ లెక్క ఎంత మాత్రం రుచించదు. తొలకరి చినుకులకు లేచే మట్టివాసనకు కారణమైన జియోస్మిన్ అనే పదార్థాన్ని తయారుచేసేది ప్రధానంగా ఈ కుటుంబమే కాబట్టి, స్ట్రెప్టోమైసిస్ అనే పేరు ఎన్నడూ వినని రైతుకు కూడా దీని ఉనికి వాసనగా పరిచయమే.

రాలిన ఆకు, చచ్చిన వేరు, పురుగు పెంకు వంటివాటిని కరిగించుకు తినడం ఈ జీవి నిత్యకృత్యం. తిండి తరిగి, సిద్ధబీజాలు కట్టే సమయం దగ్గరపడినప్పుడు ఇది ద్వితీయ జీవక్రియా పదార్థాలను, అనగా పెరుగుదలకు నేరుగా అవసరం లేకపోయినా కణం ప్రత్యేకంగా కూర్చుకునే రసాయనాలను తయారుచేస్తుంది. వాటిలో కొన్ని చుట్టుపక్కల శిలీంధ్రాలకు ప్రాణాంతకం. వాటిని మందులని పిలిచింది మనుషులు. మనిషి జబ్బుల సంగతి ఈ జీవికి ఏనాడూ పట్టలేదు.

మనిషికి వాటితో అవసరం పడింది 1940లలో. ఈ జీవికి దాయాది అయిన స్ట్రెప్టోమైసిస్ గ్రీసియస్ నుంచి 1943లో రట్గర్స్ ప్రయోగశాలలో స్ట్రెప్టోమైసిన్ బయటపడింది. మరో దాయాది స్ట్రెప్టోమైసిస్ ఆరియోఫేసియన్స్‌ను మిస్సోరి మట్టి నుంచి వేరుచేసి బెంజమిన్ డగ్గర్ కనిపెట్టిన ఆరియోమైసిన్ 1948లో వైద్యలోకానికి అందింది. అది పుట్టిన లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనకు సారథి భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఈ మందులు ఎందరినో బతికించాయి గాని, రకరకాల బ్యాక్టీరియాను ఒక్క వేటున ఊడ్చిపెట్టడం వల్ల నోటిలో, పేగుల్లో అంతవరకు అణగి ఉన్న కాండిడా ఆల్బికాన్స్ అనే ఈస్టుకు అడ్డు లేకుండా పోయింది. పోటీదారులు పోయిన చోట అది నాలుక మీద తెల్లటి పొరగా, లోపలి అవయవాల్లో మొండి జబ్బుగా విస్తరించింది. దాయాదులు చేసిన మేలులోని ఈ లోటును పూడ్చే పని ఈ జీవి వంతుకు వచ్చిందన్నమాట.

ఆ పని కష్టం కావడానికి కారణం శిలీంధ్రపు పుట్టుకలోనే ఉంది. బ్యాక్టీరియా కణం మనిషి కణానికి చాలా దూరపుది కనుక దాన్ని మాత్రమే దెబ్బతీసే మార్గాలు అనేకం; శిలీంధ్ర కణమో మనిషి కణంలాగే కేంద్రకం, పొరలు, అంతర్భాగాలు ఉన్న నిజకేంద్రక కణం, కాబట్టి దానికి విషమైనది తరచు రోగికీ విషమే. శిలీంధ్రాన్ని చంపే పదార్థాలకు మట్టిలో కొదవ లేదు. చంపి, మనిషిని వదిలిపెట్టేదాన్ని ఏరడమే అసలు పరిశోధన.

ఆ ఏరివేతకు పూనుకున్నవారు న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్య శాఖలోని ఇద్దరు మహిళలు. న్యూయార్క్ నగరంలోని ప్రయోగశాలలో ఎలిజబెత్ లీ హేజెన్ సూక్ష్మజీవ శాస్త్రవేత్త. అదే శాఖకు ఆల్బనీలో ఉన్న ప్రయోగశాలలో రేచల్ ఫుల్లర్ బ్రౌన్ రసాయన శాస్త్రవేత్త. హేజెన్ మట్టి నమూనాను నీటిలో పలచన చేసి, అగర్ అనే గట్టిపడిన పోషక మాధ్యమం మీద పరిచి, మొలిచిన వాటిలో స్ట్రెప్టోమైసిస్ వంటి తంతు బ్యాక్టీరియాను వేరుచేసి, వాటిని రెండు శిలీంధ్రాల మీద పరీక్షించేది: ఒకటి కాండిడా ఆల్బికాన్స్, రెండవది మెదడు పొరలకు సోకే క్రిప్టోకాకస్ నియోఫార్మన్స్. గుణం కనబడిన వర్ధనాన్ని, అంటే ప్రయోగశాలలో పెంచిన సూక్ష్మజీవుల పంటను, గాజు జాడీలో మూతపెట్టి టపాలో ఆల్బనీకి పంపేది. అక్కడ బ్రౌన్ ద్రావణుల సాయంతో అందులోని క్రియాశీల పదార్థాన్ని రాబట్టి తిరుగు టపాలో పంపితే, హేజెన్ దాన్ని మళ్లీ శిలీంధ్రాల మీద, ఆపైన ఎలుకల మీద పరీక్షించేది. శిలీంధ్రాన్ని చంపినవి ఎలుకలనూ చంపడంతో కథ చాలాసార్లు అక్కడే ముగిసేది. వచ్చిన దాన్ని పారేసి మరో జాడీ పంపే ఆ ఓపికకు చరిత్ర గ్రంథాలు ఇవ్వవలసినంత చోటు ఇవ్వలేదని ఈ జీవి అభిప్రాయం.

ఈ జీవి స్వస్థలం వర్జీనియా రాష్ట్రం ఫాకియర్ కౌంటీలో నౌర్స్ కుటుంబీకుల పొలం. హేజెన్‌కు స్నేహితులైన వారి పొలం నుంచి 1948లో తీసిన మట్టితోపాటు ఇదీ న్యూయార్క్ చేరింది. దీని వర్ధనంలో శిలీంధ్రాలను ఎదిరించే పదార్థాలు రెండు కనిపించాయి. ఒకటి అప్పటికే తెలిసిన సైక్లోహెక్సిమైడ్. కణాలలో ప్రోటీన్ల తయారీనే నిలిపివేసే ఆ పదార్థం జంతువులకు కూడా విషం కనుక మందుగా పనికిరాదు. రెండవది కొత్తది, శిలీంధ్రాలను గట్టిగానే కొట్టి ఎలుకలను బాగానే సహించింది. ఒకే దేహంలో వదలదగిన విషం, కావలసిన మందు పక్కపక్కన ఉండటం ఈ జీవికి వింత గాదు, రెండింటినీ విడదీయగలిగిన బ్రౌన్ నేర్పే వింత. 1950లో ఈ కొత్త పదార్థాన్ని ఫంగిసిడిన్ అనే పేరుతో లోకానికి ప్రకటించి, ఆ పేరు అప్పటికే వాడుకలో ఉన్నందున న్యూయార్క్ స్టేట్ పేరు మీదుగా నిస్టాటిన్ అని మార్చారు. జీవికి మాత్రం పొలం యజమాని పేరు దక్కింది. కనిపెట్టినవారి పేరు పెట్టి ఉంటే ఇంకా న్యాయంగా ఉండేది.

నిస్టాటిన్ అణువు పెద్ద వలయం. దాని ఒక పక్కన కార్బన్ల మధ్య జంట బంధాలు వరుసగా ఉండటం వల్ల ఈ తరగతి పదార్థాలను పాలీయీన్లు అంటారు. శిలీంధ్ర కణాన్ని చుట్టిన పొరలో ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు జాతి పదార్థం ఉంటుంది; మనిషి కణపు పొరలో ఆ స్థానం కొలెస్టరాల్‌ది. నిస్టాటిన్ ఎర్గోస్టెరాల్‌ను గట్టిగా పట్టుకుని పొరలో రంధ్రాలు చేయడంతో, లోపలి పొటాషియం తూట్లు పడిన కుండలో నీళ్లలా కారిపోయి కణం చస్తుంది. బ్యాక్టీరియా పొరలో సాధారణంగా ఇటువంటి స్టెరాల్ ఉండదు కాబట్టే ఈ జీవి తన మందుకు తాను బలికాదు. బ్యాక్టీరియా జబ్బులకు నిస్టాటిన్ పనిచేయకపోవడానికి కారణమూ అదే. దీనికి హద్దులూ ఉన్నాయి. మింగితే పేగుల నుంచి రక్తంలోకి దాదాపు ఎక్కదు, సూదిమందుగా ఇస్తే విషం; అందువల్ల నోటిలో, పేగులో, చర్మం మీద కాండిడా ఉన్న చోటికే చేరవేయాలి. పసిపిల్లల నోటిలోని తెల్లపూతకు ఇచ్చే పసుపుపచ్చని ద్రవంలో మిల్లీలీటరుకు 1,00,000 యూనిట్ల నిస్టాటిన్ ఉంటుంది. సీసాను కుదిపి, మందు పూత మీద కాసేపు నిలిచేలా వేయమని వైద్యులు చెప్పడం అందుకే. తామరకు కారణమైన శిలీంధ్రాల మీద మాత్రం ఇది అంతగా పనిచేయదు.

స్క్విబ్ సంస్థ 1954లో మందును మైకోస్టాటిన్ పేరుతో విడుదల చేసింది. పేటెంటు మీద వచ్చిన 1 కోటి 30 లక్షల డాలర్లకు పైగా రాయల్టీని హేజెన్, బ్రౌన్ సొంతానికి తీసుకోక శాస్త్ర పరిశోధనకే ధారపోశారు. 1966లో వరదపాలైన ఇటలీ నగరం ఫ్లోరెన్స్‌లో తడిసి బూజుపట్టిన చిత్రాలను కాపాడటానికి కూడా నిస్టాటిన్ వాడారు. ఆ ఉపయోగాన్ని ఎవరూ ముందుగా ఊహించి ఉండరు.

రక్తంలోకి ఎక్కించగల పాలీయీన్ ఈ జీవి వంశంలోనే మరొకరి నుంచి వచ్చింది. వెనెజువెలాలోని ఒరినోకో నది ప్రాంతపు మట్టిలో దొరికిన స్ట్రెప్టోమైసిస్ నోడోసస్ నుంచి 1950లలో స్క్విబ్ పరిశోధకులు యాంఫోటెరిసిన్-బి తీశారు. అదీ ఎర్గోస్టెరాల్‌నే పట్టుకుంటుంది గాని మూత్రపిండాలకు చేటు చేస్తుంది. కొవ్వు బుడగల్లో పొదిగి ఇచ్చే లైపోసోమల్ రూపం ఆ చేటును తగ్గించింది. 2021లో కోవిడ్ రెండో ఉద్ధృతి వెనుకనే బ్లాక్ ఫంగస్ అని జనం పిలిచిన మ్యూకార్‌మైకోసిస్ రోగులతో హైదరాబాద్ కోఠీలోని ఈఎన్‌టీ ఆసుపత్రి నిండినప్పుడు, తెలుగు రాష్ట్రాల్లో కుటుంబాలు వెతుక్కుంటూ తిరిగింది ఆ ఇంజెక్షన్ కోసమే.

నిస్టాటిన్‌ను కూర్చే జన్యువుల వరుసను 2000 సంవత్సరంలో నార్వే పరిశోధకులు చదివి ప్రకటించారు. ఇప్పుడు ఆ జన్యువులను మార్చి కొత్త పాలీయీన్లు చేయవచ్చు. అందుకు తగిన తొందర కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించిన ప్రమాదకర శిలీంధ్రాల జాబితాలో అత్యవసర వర్గంలో చేరినవి నాలుగు. వాటిలో రెండు, హేజెన్ తన మట్టి నమూనాలను పరీక్షించడానికి ఎంచుకున్న కాండిడా ఆల్బికాన్స్, క్రిప్టోకాకస్ నియోఫార్మన్స్.