పగిలితే మీదే: పింగాణీ దుకాణం పెట్టేవారికి సలహాలు

పింగాణీ, గాజు సామాన్ల దుకాణం పెట్టేవాళ్లు చాలామంది అమ్మకాల మీదే ఆశ పెట్టుకుంటారు. అమాయకులు. అమ్మాలంటే బేరమాడాలి, పది రూపాయలు తగ్గించాలి, పాత పేపర్లు చుట్టి కవర్లో పెట్టాలి. పగిలిన సరుకుకి ఈ తంటా ఏదీ లేదు. నలుగురూ చూస్తుంటే చీటీ మీద ఎంతుంటే అంతా మారుమాట్లాడకుండా ఇచ్చేస్తారు.

అందుకని ముందు దారి సంగతి చూసుకోండి. రెండు అరల మధ్య మనిషి పక్కకు తిరిగి నడిచేంత జాగా చాలు. మోకాలెత్తులో, దారిలోకి కాస్త పొడుచుకొచ్చేలా టీ కప్పుల సెట్లు పేర్చండి. పెళ్లిళ్ల సీజన్లో ఆడవాళ్లు భుజాన హ్యాండ్‌బ్యాగు, రెండు చేతులా చీరల కవర్లతో వస్తారు. గుమ్మం దగ్గర సామాను పెట్టుకోవడానికి బల్ల వేశారా, కవర్లన్నీ అక్కడే వదిలేసి ఖాళీ చేతులతో లోపలికొస్తారు. ఇక పగిలేదేముంది?

చట్టం మాటకొస్తే, మామూలు మనిషి పడే జాగ్రత్త పగలగొట్టినావిడ పడలేదని చూపించాల్సింది మీరే. ఇరుకులో పేర్చిన తప్పు మీదని తేలితే వచ్చేది తగ్గొచ్చు, అసలు రాకనూపోవచ్చు. కానీ మూడొందల యాభై రూపాయల కప్పుల కోసం కోర్టుకి ఎవరెక్కుతారు? మన వ్యాపారమంతా ఆ ధైర్యం మీదే నడుస్తోంది.

‘పగిలితే మీదే’ బోర్డు తప్పకుండా పెట్టండి. గుమ్మంలో, తెలుగులో, పెద్దక్షరాలతో మాత్రం వద్దు. చదివి నిజంగానే జాగ్రత్తపడతారు. క్యాష్ కౌంటర్ వెనక, దేవుడి పటానికీ క్యాలెండర్‌కీ మధ్య, ఇంగ్లీషులో ఉంటే చాలు. ‘మూడింతలు కట్టాలి’ అని కూడా రాయించండి. ఎంత రాసుకున్నా దక్కేది సమంజసమైన పరిహారమేనని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ అంటోంది గానీ, ఒక లైను ఎక్కువైతే పెయింటరు పెద్దగా అడగడు. వేరే ఒప్పందం లేకపోతే, యాజమాన్యం చేతులు మారేదాకా సరుకు నష్టం అమ్మేవాడిదే అని 1930 నాటి వస్తు విక్రయ చట్టం 26వ సెక్షన్ చెబుతోంది. ఈ ముక్క మీ కౌంటర్ కుర్రాడి చెవిన కూడా పడనివ్వకండి.

అసలు పంట ఏప్రిల్, మే నెలల్లో ఉంటుంది. ఆవకాయ రోజులు, జాడీల గిరాకీ. పెద్దావిడ జాడీ తీసుకుంటే ఊరికే చూడదు. మూత తీసి, లోపల అరచేత్తో నిమిరి, నున్నగా ఉందో లేదో చూస్తుంది. తర్వాత ఎడమచేత్తో అంచు పట్టుకుని వేలి కణుపుతో టకటకా కొట్టి, చెవి ఒగ్గి వింటుంది. ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే ఎక్కడో బీట ఉన్నట్టు. ఖుర్జా నుంచి ఎండుగడ్డిలో చుట్టి లారీలో దిగిన సరుకులో బీటలు తప్పవు. ఆ జాడీలను పక్కన పడేసేవాడు వ్యాపారానికి పనికిరాడు. బీట మీద ధర చీటీ అంటించి ముందు వరసలో పెట్టండి. “కొట్టి చూడండమ్మా, ఏం పర్లేదు” అని మీరే అనండి. రెండు ముక్కలయ్యాక “అంత గట్టిగా ఎవరు కొట్టమన్నారండీ?” అనండి. ఈ రెండు మాటలూ ఒకే గొంతుతో అనడానికి కాస్త సాధన కావాలి.

ఎంత అడగాలి? మీకు పోయింది మీరు కొన్న రేటే. అది మర్చిపోయి ఎమ్మార్పీ అడగండి. ఆరు కప్పుల్లో ఒకటి పగిలితే ఆరింటికీ వసూలు చేసి, మిగిలిన ఐదూ వెనక గదిలో దాచండి. ఇంకో సెట్లో ఒకటి పగిలిన రోజున ఆరో కప్పు దానంతటదే దొరుకుతుంది.

పిల్లలు పగలగొడితే తల్లిదండ్రుల్ని పట్టుకోండి. కన్నంత మాత్రాన వాళ్లు బాధ్యులు కారు, బిడ్డను చూసుకోవడంలో వాళ్ల నిర్లక్ష్యం ఉంటేనే అంటారు. ఆ సంగతి వాళ్లకూ తెలియదు లెండి.

ఎవరైనా ఎదురు తిరిగితే షట్టరు సగం దించి, బ్యాగు లాగి కౌంటర్ కింద పెట్టుకోమని పాతకాపులు చెబుతారు. దాంట్లో చిన్న చిక్కుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 126వ సెక్షన్ మనిషిని దారిలో అడ్డగించడం గురించి, 127 నిర్బంధించడం గురించి. రెండోదానికి ఏడాది దాకా జైలు పడొచ్చు. “పోలీసుల్ని పిలుస్తా” అని మీరు అరవొచ్చు, పిలవకండి. అదే సంహిత 324 ప్రకారం ఒకరి సొత్తు పాడుచేయడం నేరం కావాలంటే కావాలని చేసి ఉండాలి, లేదా నష్టం జరుగుతుందని తెలిసి చేసి ఉండాలి. కొంగు తగిలి పడిన కప్పు ఆ లెక్కలోకి రాదు. ఆవిడే ఫోను తీసి 112 నొక్కబోతే మాత్రం వెంటనే “అయ్యో అక్కా, మనలో మనకేంటి!” అంటూ కూల్‌డ్రింక్ తెప్పించండి.

డబ్బు తీసుకున్నాక బిల్లు ఇవ్వకండి. “పగిలినదానికి బిల్లేంటమ్మా?” అంటే ఎవరి దగ్గరా జవాబుండదు. పూర్తి ధర కట్టినావిడ “అయితే ఆ ముక్కలు నావే కదా, ఇవ్వండి” అంటే న్యాయంగా ఇవ్వాల్సిందే. “కాలికి గుచ్చుకుంటాయమ్మా” అంటూ ఈలోపే ఊడ్పించేయండి. జాడీ పగిలినా మూత సాధారణంగా బాగానే ఉంటుంది, అది తీసి పైఅరలో పెట్టుకోండి. ఇంట్లో మూత పగలగొట్టుకుని “మూత ఒక్కటీ దొరుకుతుందా బాబూ?” అంటూ జాడీ చంకనేసుకుని వచ్చేవాళ్లు ప్రతి వేసవిలోనూ ఉంటారు. ధర ముందే చెప్పేయండి. సరిపోతుందో లేదో పెట్టి చూసుకుంటామంటే కాదనకండి, కౌంటరు అంచున పెట్టి చూసుకోమనండి.