బావగారి చిట్టా

మా బావగారు ఆడిటరు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇంగ్లండులోని కొవెంట్రీలో ఊళ్ళోవాళ్ళ లెక్కల్లో తప్పులు పట్టుకుని బతుకుతున్నారు. రెండు రకాల పుస్తకాలు రాసే వ్యాపారిని నడక చూసి పోల్చేస్తానని ఆయన ధీమా. అంతటి మనిషి యాభై మూడో ఏట తనే రెండు పుస్తకాలు రాయడం మొదలుపెట్టారు. కారణం ఒక కారు. కొన్న కారు కాదు, కట్టిన కారు.

కట్టిన కారు అంటే కాస్త చెప్పాలి. బ్రిటన్‌లో ఒక జాతి మగవాళ్ళున్నారు. చలికాలం సాయంత్రం ఏ వీధిలోనైనా నడిచి చూడండి, ఏదో ఒక గ్యారేజీ తలుపు కింద వెలుతురు గీత కనిపిస్తుంది. లోపల సన్నగా రేడియో. ఉండుండి ఒక ఇనప ముక్క సిమెంటు నేల మీద పడిన చప్పుడు, వెనకే ఒక తిట్టు. వాడే. కారుని పెట్టెల్లో ముక్కలుగా తెప్పించుకుని ఇంట్లో బిగించుకుంటాడు. దాన్ని కిట్ కారు అంటారు. వాడి పిల్లలు చేతికి అందివచ్చి ఉంటారు, లేదా చెయ్యి దాటిపోయి ఉంటారు. రోజూ ఆఫీసుకి తీసుకెళ్ళే కారు వీధిలో వానకి తడుస్తుంటుంది. గ్యారేజీలో ఇంకా పుట్టని కారు పడుకుని ఉంటుంది మరి.

ఈ పిచ్చికి మూలం పన్ను. 1957లో కోలిన్ చాప్‌మన్ అనే ఆయన లోటస్ సెవెన్ అనే బుల్లి రెండు సీట్ల కారు తెచ్చాడు. తలుపుల్లేవు, పైకప్పు పేరుకే. ఆ రోజుల్లో తయారైన కారు కొంటే కొనుగోలు పన్ను కట్టాలి, విడిభాగాలు కొనుక్కుని ఎవరికి వాళ్ళు బిగించుకుంటే అక్కర్లేదు. అయితే బిగించే పద్ధతి రాసిన కాగితం ఇవ్వకూడదని ఒక మెలిక. దానికి కంపెనీవాళ్ళు కారుని ఎలా విప్పాలో రాసి ఇచ్చేవారట. కొన్నవాడు దాన్ని చివరి నుంచి మొదటికి చదువుకోవాలి!

ఈ కథ మా బావగారికి పొరుగింటి పెద్దాయన గోడ మీదుగా చెప్పాడు. పన్ను ఎగ్గొట్టకుండా తప్పించుకోవడం అనే మాట వింటే ఏ ఆడిటరుకైనా ఒళ్ళు పులకరిస్తుంది. బావగారికి కళ్ళు చెమర్చాయి.

"1973లో వ్యాట్ వచ్చాక ఆ లాభం పోయింది కదండీ బావగారూ" అన్నాను.

"సంప్రదాయం మిగిలింది కదోయ్" అన్నారు.

తర్వాత పుస్తకం కొన్నారు. 1996లో రాన్ చాంపియన్ అనే ఆయన రాసింది. 250 పౌండ్లకే సొంతంగా స్పోర్ట్స్ కారు కట్టుకోవచ్చని అట్ట మీదే ఉంటుంది. నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నవాడి గురించి విన్నాం. బావగారు పుస్తకం దొరికిందని కారు మొదలుపెట్టారు. అక్కయ్యకి మాట కూడా ఇచ్చారు, అయిదు వేల పౌండ్లు దాటనని. 250కీ అయిదు వేలకీ మధ్య అంత దూరం ఎందుకుందో అక్కయ్య అడగలేదు. నేను అడిగాను. "కంటింజెన్సీ" అన్నారు.

మొదట దాత కారు వచ్చింది. ఇంజను, గేరుబాక్సు, చక్రాల దగ్గరి సామాను ఇవ్వడానికి ఒక పాత కారు కావాలి, దాన్ని దాత అంటారు. మన దాత తుప్పు తిన్న మజ్దా ఎంఎక్స్-5. దాని అవయవాలన్నీ తీశాక మిగిలిన పెంకు నాలుగు నెలలు ఇంటి ముందు ఇటుకల మీద కూర్చుంది. "ఇంట్లో ఏదైనా అశుభమా?" అని గుడిలో ఎవరో అక్కయ్యని అడిగారు కూడా. ఆ తర్వాత ఛాసిస్, ఫైబర్ ముక్కలు, అల్యూమినియం రేకులు, వైర్ల చుట్ట వచ్చాయి. గ్యారేజీలో చల్లగా, చీకటిగా పదిహేనేళ్ళు కాపురం ఉన్న ఆవకాయ జాడీలకి ఖాళీ చెయ్యమని నోటీసు వెళ్ళింది. ఒక్క ఖాళీ జాడీ మాత్రం మూల ఉండిపోయింది. దాని సంగతి తర్వాత.

బావగారి తెల్ల చిట్టా అక్కయ్య చూడ్డానికి. అందులో కిట్, దాత కారు, టైర్లు, రంగు. అన్నీ రసీదులతో సహా. నల్ల చిట్టా ఎవరూ చూడ్డానికి కాదు. నాకు చూపించింది గర్వం ఆపుకోలేక.

అందులోని అకౌంటింగు అద్భుతం. టార్కు రెంచి, యాక్సిల్ స్టాండ్లు, రివెట్ గన్, ఇంజను ఎత్తడానికి చిన్న క్రేను. ఇవన్నీ కలిపితే కిట్‌లో మూడో వంతు. "ఇవి ఖర్చెలా అవుతాయోయ్? స్థిరాస్తి. ఏటా తరుగుదల రాసుకోవాలి" అన్నారు. గ్యారేజీ హీటరు 'ఇంటి మరమ్మతులు' కిందకి వెళ్ళింది. తోలు సీట్లు 'ఫర్నిచరు'. పార్సిలు ఛార్జీలు 'తపాలా'. తప్పుగా తెప్పించి తిరిగి పంపలేకపోయిన ఎగ్జాస్టు గొట్టం 'విద్యా వ్యయం'. మళ్ళీ మళ్ళీ కొన్న పదో నంబరు పానా మాత్రం ఏ పద్దులోనూ ఇమడలేదు. ప్రపంచంలో ఏ మెకానిక్కుని అడిగినా చెబుతాడు, ఆ ఒక్క పానాయే ఎటో పోతుందని. బావగారి పదో నంబరు పానాలు ఆరు పోయాయి. వాటికి 'దైవికం' అని రాశారు.

తన కష్టానికి సున్నా వేసుకున్నారు. క్లయింట్లకి పావుగంటకింత అని బిల్లు పంపే మనిషి, నాలుగేళ్ళ శనాదివారాలకి సున్నా! నేను వేళ్ళ మీద లెక్కగట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపేశారు.

అక్కయ్య వంతు శ్రమ చిట్టాలో అసలే లేదు. బ్రేకు గొట్టాల్లోంచి గాలి తీసే పని మామూలు పద్ధతిలో ఒక్కరి వల్ల అయ్యేది కాదు. ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు చక్రం దగ్గర చిన్న మర వదులు చేసి మళ్ళీ బిగించాలి. మర బిగించకముందే పెడల్ వదిలారో, పోయిన గాలి మళ్ళీ లోపలికి దూరుతుంది. జనవరి రాత్రి, చీర మీద స్వెట్టరు, దాని మీద కోటు వేసుకుని అక్కయ్య సీట్లో కూర్చుంది.

"తొక్కు."

"తొక్కానండీ."

"పట్టుకో."

"పట్టుకున్నాను."

"ఇప్పుడు వదులు."

"ఎప్పుడో వదిలాను. కాలు లాగుతోంది."

కారు కింద నుంచి చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత, "మొదటి చక్రం నుంచి మళ్ళీ చేద్దామా?" అని చాలా మర్యాదగా అడిగారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన అంత మర్యాదగా మాట్లాడ్డం అదే మొదలని అక్కయ్య అంటుంది.

సొంతంగా బిగించిన కారు రోడ్డెక్కాలంటే ఇక్కడ ప్రభుత్వ పరీక్ష ఉంది, ఐవీఏ అంటారు. 1998లో వేరే పేరుతో మొదలై, 2009 నుంచి ఈ పేరుతో నడుస్తోంది. ఫీజు నాలుగు వందల యాభై పౌండ్ల దాకా. అతుకుల బొంతలాంటి బండికి ఎంత పరీక్ష అనుకున్నాను. పాదచారికి తగిలే అంచు ప్రతిదీ కనీసం 2.5 మిల్లీమీటర్ల మేర గుండ్రంగా తిరిగి ఉండాలట. ఇన్స్‌పెక్టరు చేతిలో ఒక బంతి ఉంటుంది. అది ఎక్కడెక్కడ తగులుతుందో అక్కడ మొన తేలిన బోల్టు ఉండకూడదు. స్పీడోమీటరు ఉన్న వేగం కంటే తక్కువ చూపించకూడదు. మలుపు తిప్పి వదిలితే స్టీరింగు తనంత తాను మధ్యకి రావాలి. కారు నిజంగా ఇంట్లోనే కట్టారని ఫొటోలతో రుజువు చూపించాలి. ఆ ఫొటోలు అక్కయ్యే తీసింది. పెళ్ళి ఫొటోల్లో కంటే వీటిలో బావగారు బాగా నవ్వారని ఆవిడ ఫిర్యాదు.

బావగారి కారు మొదటిసారి ఫెయిలైంది. ఎడమ అద్దం కింద అంచు పదునుగా ఉంది, స్టీరింగు మధ్యకి రావడానికి బద్ధకిస్తోంది, ఇంకో నాలుగు. ఇన్స్‌పెక్టరు చక్కటి చేతిరాతతో ఒక కాగితం నిండా రాసి ఇచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్ళు ఊరందరికీ ఆడిట్ అభ్యంతరాలు రాసిన మనిషి, తన పేరు మీద వచ్చిన అభ్యంతరాల జాబితా పట్టుకుని ఆ పార్కింగు స్థలంలో నిలబడ్డారు. నాకు నవ్వు రావాలి. రాలేదు. కాగితాన్ని రెండుసార్లు చదివి, "నిజాయితీగా రాశాడోయ్" అన్నారు. అందులో అసూయ కూడా వినిపించింది.

రెండోసారి నెగ్గింది. కొత్త ఛాసిస్, ఒకే దాత నుంచి వచ్చిన ముఖ్య భాగాలు ఉన్నాయి కాబట్టి దాత వయసుకి తగ్గ నంబరు ఇచ్చారు. భాగాలు ఎక్కడెక్కడివో తేలకపోతే క్యూ అక్షరంతో మొదలయ్యే నంబరిస్తారు. అంటే గోత్రం తెలియని బండి. ఆ అక్షరం పడుతుందేమోనని బావగారు మూడు నెలలు నిద్రపోలేదు. వాళ్ళమ్మాయి సంబంధాలప్పుడు కూడా గోత్రం గురించి ఇంత బెంగ పడలేదు.

ఇక ప్రతిఫలం మాట. టివిడేల్ బాలాజీ గుడిలో వాహన పూజకి నన్నూ రమ్మన్నారు. వెనక నా కార్లో నేను. ముందు ఆయన, పక్కన తలకి శాలువా చుట్టుకున్న అక్కయ్య. ఆ బండి ఎంత కిందకి ఉంటుందంటే పక్కన లారీ వస్తే దాని చక్రం నట్లు లెక్కపెట్టుకోవచ్చు. ఎక్కడం దిగడం అటుంచండి, పంచెతో అసలే కుదరదు, అయినా ఆయన పంచెతోనే వెళ్ళారు. దారిలో వాన పట్టుకుంది. పైకప్పు బిగించడానికి ఇరవై నిమిషాలు పడుతుంది, వాన పావుగంటలో ఆగిపోయింది. గుడి దగ్గర దిగేసరికి ఇద్దరూ పుష్కర స్నానం చేసి వచ్చినట్టున్నారు. పూజారిగారు నిమ్మకాయలు పెట్టడానికి వంగి, చక్రాలన్నీ మడ్‌గార్డుల కింద నుంచి బయటకి కనిపిస్తుంటే, "మిగతా కారు వెనక వస్తోందా?" అని అడిగారు.

దారిలో పెట్రోలు బంకు దగ్గర మాత్రం నా నోరు మూతపడింది. ముక్కూ మొహం తెలియని ముసలాయన ఒకాయన కర్ర పోటేసుకుంటూ వచ్చి, బానెట్ మీద చెయ్యి వేసి, "నువ్వే కట్టావా?" అన్నాడు. బావగారు తలూపారు. ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు, కార్బురేటర్ల గురించి, తడి పొద్దుట స్టార్టు కాని ఇంజన్ల గురించి. పొరుగింటి పెద్దాయనతోనూ అంతే. పద్దెనిమిదేళ్ళు పక్కపక్కన ఉండి "హలో" దాటని వాళ్ళు. ఆ పెద్దాయన కుర్రతనంలో ఈ ఊళ్ళోనే ట్రయంఫ్ కార్ల ఫ్యాక్టరీలో పనిచేశాడు, అది మూసేసి దశాబ్దాలైంది. లోహం మాట ఎలా వినాలో బావగారికి ఆయనే నేర్పాడు. ఇప్పుడు బావగారు కారు నడుపుతూ మధ్యలో తల వంచి, "ఎడమ వెనక, పై బోల్టు, పావు తిప్పు వదులైంది" అంటారు. ఆగి చూస్తే నిజమే. జీవితమంతా కాగితం మీద అంకెలు తప్ప ముట్టని చేతులవి. వేళ్ళ సందుల్లో గ్రీజు ఇప్పటికీ పోలేదు, పోగొట్టే ప్రయత్నమూ లేదు. క్లయింట్లతో మాట్లాడేటప్పుడు ఆ చేతిని బల్ల మీద కనిపించేలా పెడతారని వాళ్ళ గుమాస్తా చెప్పాడు.

తెల్ల చిట్టా 4,980 పౌండ్ల దగ్గర ముగిసింది. అక్కయ్య సంతకం పెట్టింది. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నానని బావగారు ఆ రాత్రి పాయసం చేయించుకు తాగారు.

నల్ల చిట్టా ఎక్కడుందంటారా? ఆ మూల ఖాళీ ఆవకాయ జాడీలో. గ్యారేజీలో అంత భద్రమైన చోటు ఇంకొకటి లేదని ఆయన నమ్మకం. జాడీని ఏటా మే నెలలో ఎవరు కడుగుతారో ఆయనకి తట్టలేదు.

ఈ మధ్య అక్కయ్య మా ఇంటికి వచ్చినప్పుడు అసలు సంగతి చెప్పింది. నేనుండేది లెస్టర్‌లో, బెల్‌గ్రేవ్ రోడ్డు బంగారం కొట్లకి దగ్గర్లో. ఆ నాలుగేళ్ళూ నెలకోసారి తమ్ముణ్ణి చూడ్డానికని వచ్చేది. అక్కయ్యకి నా మీద ఎంత ప్రేమో అని మా ఆవిడ దగ్గర గొప్పలు పోయేవాణ్ణి. మొదటి మే నెలలోనే జాడీలో పుస్తకం దొరికిందట. తిట్టలేదు, అడగలేదు. ఆవిడ ఫార్మసిస్టు, తన జీతం తనకుంది. నల్ల చిట్టాలో ఒక సవరను ఖరీదంత ఖర్చు పోగుపడిన ప్రతిసారీ వచ్చి ఒక సవరను కొనుక్కుంది. 22 క్యారెట్లు, దాదాపు ఎనిమిది గ్రాములు, మన కాసు బంగారం. మా అమ్మమ్మ కాసులపేరులో ఉన్నవి కూడా ఇవే, రాజుగారి తలకాయ ఉన్నవి.

"నగ కొంటే వ్యాట్ పడుతుందిరా. ఈ నాణేనికి వ్యాట్ లేదు. అమ్మితే వచ్చే లాభం మీద కూడా పన్ను లేదు. మీ బావగారే ఎవరికో ఫోన్లో చెబుతుంటే విన్నాను" అంది.

పంతొమ్మిది కాసులు. కారు రేపు అమ్మితే పెట్టిన దాంట్లో సగం వస్తే గొప్ప. కాసుల ధర ఎటు వెళ్ళిందో మీకు నేను చెప్పక్కర్లేదు. రెండు చిట్టాలూ, ఈ మూడోదీ కలిపి చూస్తే ఆ ఇంటికి కిట్ కారు వల్ల లాభమే తేలింది. పన్ను పడని లాభం. కోలిన్ చాప్‌మన్ వింటే సంతోషించేవాడు.

కాసులపేరుకి ఇంకా చాలా కావాలట. ఏటా మేలో కొవెంట్రీ పక్కన స్టోన్‌లీలో కిట్ కార్ల ప్రదర్శన జరుగుతుంది. ఈసారి అక్కడ బావగారు ఒక పెద్ద ఎనిమిది సిలిండర్ల కిట్ చుట్టూ మూడుసార్లు తిరిగి, "ఊరికే చూస్తున్నాను" అన్నారు. "మీకు నచ్చితే తీసుకోండి, డబ్బుదేముంది" అంది అక్కయ్య. అలాంటి భార్య దొరకడం పూర్వజన్మ సుకృతమని నాతో గద్గదంగా అన్నారు.

మీలో ఎవరైనా ఆయన్ని కలిస్తే కారు గురించి ఎంతసేపైనా మాట్లాడండి. ఆవకాయ మాట మాత్రం ఎత్తకండి.