వ్యక్తిగత పర్యటన: టీకా తాత్పర్య సహితం

మూలము: మాజీ మంత్రివర్యులు వ్యక్తిగత పర్యటనపై పొరుగుదేశమునకు విచ్చేసి, స్వీయగ్రంథమును ఆవిష్కరింపజేసి, పలువురు ప్రముఖులను మర్యాదపూర్వకముగా కలిసిరి.

అవతారిక: నిజామాబాద్ జిల్లా మోర్తాడ్ హోటళ్లలో చాయ్‌తోపాటు చేతులు మారే దినపత్రికలో ఈ వాక్యం ఎవరో ఒక నాయకుని పేరుతో కనిపిస్తూనే ఉంటుంది గనుకను, సులభమని భ్రమించి పండితులెవరూ దీనికి వ్యాఖ్య రాయలేదు గనుకను, 2015 అక్టోబరులో భారతదేశానికి వచ్చిన పాకిస్తాన్ మాజీ విదేశాంగ మంత్రి ఖుర్షీద్ మహమూద్ కసూరీని ఉదాహరణగా తీసుకొని ఇచట అర్థవిచారం జరుగుతున్నది.

ప్రతిపదార్థం: మాజీ = పదవి పోయినా పదవిలో తెలిసిన రహస్యాలు పోనట్టి; వ్యక్తిగత పర్యటనపై = ఏమి మాట్లాడినా తన ప్రభుత్వానికి అంటని విధంగా; విచ్చేసి = వీసా దొరకగా వచ్చి; స్వీయగ్రంథమును = డేగా కాదు, పావురమూ కాదు అని అర్థమిచ్చే 'నైదర్ ఎ హాక్ నార్ ఎ డవ్' అనే స్మృతిగ్రంథమును; మర్యాదపూర్వకముగా = మాట్లాడుకున్నది బయట చెప్పనక్కరలేని విధంగా; కలిసిరి = కలిసిరి. నిఘంటువు అక్కరకు వచ్చేది ఈ చివరి పదానికి మాత్రమే.

టీక: పుస్తకం అమ్ముకోవడానికి వచ్చినవారు అమ్ముకొని పోవాలిగాని రాయబారం వారికెందుకని శంక. దానికి సమాధానమేమనగా, 2015 ఆగస్టు 23న ఢిల్లీలో మొదలు కావలసిన జాతీయ భద్రతా సలహాదారుల చర్చలు ముందురోజే రద్దయి, పాకిస్తాన్ పక్షాన రావలసిన సర్తాజ్ అజీజ్ రాకనే నిలిచిపోగా, రెండు నెలలు తిరగకముందే ఆ దేశపు మాజీ మంత్రి పుస్తకం చంకన పెట్టుకొని దర్జాగా వచ్చారు. ఆ పుస్తకంలోని ముఖ్య విషయం కాశ్మీరుపై ముషారఫ్, మన్మోహన్ సింగ్‌ల కాలంలో సాగిన తెరవెనుక చర్చ, అనగా ఉభయ నాయకుల నమ్మకస్తులు పత్రికల కంటపడకుండా పరదేశపు హోటళ్లలో జరిపే సంప్రదింపు. ఈ పని మన పక్షాన సతీందర్ లాంబా, వారి పక్షాన తారిఖ్ అజీజ్ దుబాయి, లండన్ వంటి చోట్ల చేశారు. ఒప్పందం దాదాపు చేతికందిందని గ్రంథకర్త వాదం. కనుక పుస్తకం వాచ్యార్థం, అంటే మాటకు నేరుగా తోచే అర్థం. తెగిన చర్చను మళ్లీ ముడివేయండని చెప్పడం వ్యంగ్యార్థం. వ్యంగ్యం ప్రధానమైనదే ఉత్తమ కావ్యమని ఆలంకారికులు ఏనాడో తేల్చారు.

ఈ వ్యంగ్యం అందరికంటె బాగా గ్రహించినది శివసేన. అక్టోబరు 12న ముంబైలో గ్రంథావిష్కరణ సభ ఏర్పాటు చేసిన సుధీంద్ర కులకర్ణి ముఖానికి ఆ పార్టీ కార్యకర్తలు ఉదయమే నల్లరంగు పులిమితే, ఆయన ఆ ముఖంతోనే అతిథి పక్కన కూర్చొని పత్రికలవారితో మాట్లాడారు. సాయంత్రం నెహ్రూ సెంటర్‌లో సభా జరిగింది. పులిమినవారి పార్టీకి భాగస్వామ్యమున్న రాష్ట్ర ప్రభుత్వమే సభకు పోలీసు రక్షణ ఇచ్చిందనేది విరోధాభాసాలంకారానికి, అనగా పైకి పొసగనట్లుండి లోపల పొసగే చమత్కారానికి, పాఠ్యపుస్తకాలలో చేర్చదగిన ఉదాహరణ.

తాత్పర్యం: ప్రభుత్వం పంపలేని మనిషిని పుస్తకం పంపుతుంది, ఫలిస్తే కీర్తి ప్రభుత్వాలది, వికటిస్తే రంగు ఆతిథ్యమిచ్చినవానిది.

విశేషాలు: తెలుగువారి మాజీ ప్రధాని పి.వి. నరసింహారావు ఇట్టి చిక్కు లేకుండా తన లోకానుభవాన్ని 1998లో 'ది ఇన్‌సైడర్' అనే నవలగా మలచి, రాష్ట్రానికి అఫ్రోజాబాద్ అని కల్పిత నామం పెట్టారు. అయోధ్యపై ఆయన రాసిన పుస్తకమైతే ఆయన 2004లో కన్నుమూసిన తరువాత 2006లో గాని వెలువడలేదు. అడిగేవారికి జవాబు చెప్పే బాధ్యత రచయితకు లేకుండా చేసే ఉపాయం ఇంతకు మించినది లేదు.

ఇక మోర్తాడ్ పాఠంలో మూలవాక్యం మరొక విధంగా అన్వయిస్తుంది. ఒక పని పేరు చెప్పి పోయి మరొక పని చేయడం మాజీ మంత్రి విషయంలో దౌత్యమని పిలువబడుతుండగా, ఏజెంటు మాట నమ్మి విజిట్ వీసాపై, అనగా చూసి రావడానికి మాత్రమే ఇచ్చే అనుమతిపై, అదే దుబాయికి పోయి కూలిపని చేసినవాడు ఖల్లివెల్లి, అంటే కాగితం లేని మనిషి, అనిపించుకుంటాడు. యూఏఈ ప్రభుత్వం 2018లోను 2024లోను క్షమాభిక్ష ప్రకటించినప్పుడు, పాస్‌పోర్టు లేనివారికి స్వదేశం చేరడానికి మాత్రమే పనికివచ్చే ఔట్‌పాస్ అనే కాగితంతో ఇల్లు చేరినవారిలో నిజామాబాద్ జిల్లావారు ఉన్నారు.