పరుగు నాది, దూరం ఆవిడది

నేను కుక్కని. ఏ జాతి అని అడగకండి. జూబ్లీహిల్స్‌లో జాతి ఉన్నవన్నీ గొలుసుల చివర నడుస్తాయి, కార్ల కిటికీల్లోంచి మూతి బయటపెట్టి మమ్మల్ని చూస్తాయి. మేం వీధివాళ్లం. నా చెవి కొస కొంచెం కత్తిరించి ఉంటుంది. ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, ఎక్కడ పట్టుకున్నారో అక్కడే తెచ్చి వదిలినందుకు అది గుర్తు. కేబీఆర్ పార్కు చుట్టూ ఉన్న నడకదారిలో సగం నాది. మిగతా సగం ఎవరిదో నాకు తెలుసు గానీ ఆ నల్లదాని ప్రస్తావన ఇప్పుడెందుకు? పార్కు లోపలికి మాకు ప్రవేశం లేదు. అక్కడ నెమళ్లుంటాయి. వాటి అరుపులతోనే నాకు తెల్లవారుతుంది. నిజానికి తెల్లవారకముందే నిద్ర చెడుతుంది, ఎందుకంటే రన్నర్లు నెమళ్ల కంటే ముందు లేస్తారు.

వాచ్‌మన్ యాదయ్య నన్ను టైగర్ అంటాడు. నా పరుగు చూసి పెట్టిన పేరే అనుకుంటాను. చెక్‌పోస్ట్ వైపు నుంచి బైకు వచ్చిందంటే దాని వెనక చక్రం పక్కన నేనుండాల్సిందే. ఎందుకని అడిగితే చెప్పలేను. కదిలేదాన్ని తరమడం మాకు ఒంట్లో ఉన్న పని. వంద గజాల్లో ఆ పార్కు దగ్గరికొచ్చే ఏ మనిషీ నాకు ఆనడు. అందుకే మొదట్లో వాళ్ల పరుగు చూస్తే నవ్వొచ్చేది. మూడొందల రూపాయల మేజోళ్లు, మూడు పేటల పట్టీలు, చేతికి వెలిగే గడియారం, ఇంతా చేసి ఆ నడకకి పరుగని పేరు!

మేడమ్‌ని మొదట తరిమింది కూడా నేనే. ఏదో బ్యాంకులో పనిచేస్తుంది, నలభై దాటిన మనిషి. చీకట్లో ఒంటరిగా వస్తుంటే చెట్టు కింద నుంచి లేచి వెంటపడ్డాను. మామూలుగా అయితే మనుషులు కేక వేసి ఇంకా వేగంగా పరుగెడతారు, దాంతో మాకూ హుషారు వస్తుంది. ఆవిడ ఆగిపోయింది. నా కళ్లలోకి చూడకుండా పక్కకు తిరిగి, చేతులు ఒంటికి ఆనించుకుని అలాగే నిలబడింది. ఆగిన మనిషితో ఏం చేయాలో మా వాళ్లెవరూ నాకు నేర్పలేదు. కాసేపు మొరిగాను. తర్వాత సిగ్గేసి తోక దించుకుని వెళ్లిపోయాను. మర్నాడు ఆవిడ జేబులో పార్లేజీ ఉంది. అక్కడితో మా తగాదా తీరింది.

అలా ఆగమని నేర్పింది పెద్దసారట. రిటైరైన మాస్టారు. గేటు దగ్గర అరుగు మీద కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటూ, నలుగుర్ని పోగేసి పాఠం చెప్పనిదే ఆయనకి పరుగు అరగదు. నాకున్న పరిజ్ఞానమంతా ఆ అరుగు కింద పడుకుని విన్నదే. ఆగస్టు చివర్లో ఒక ఆదివారం జరిగే హైదరాబాద్ మారథాన్‌లో ఫుల్ పరిగెత్తాలని మేడమ్ కోరిక. ఫుల్ అంటే 42.195 కిలోమీటర్లు. ఆ చివరి నూట తొంభై అయిదు మీటర్ల పీకులాట ఏమిటని ఎవరో అడిగితే మాస్టారు 1908కి వెళ్లిపోయాడు. ఆ ఏడు లండన్ ఒలింపిక్స్‌లో రాజుగారి కోట దగ్గర మొదలై, స్టేడియంలో రాజుగారు కూర్చునే చోటి ముందు ముగిసేలా దారి వేశారట. 1921లో అదే లెక్కని ఖాయం చేశారట. ఒక రాజు కుర్చీ కోసం ఇప్పటికీ ప్రపంచమంతా ఆ కాస్త దూరం పరిగెడుతోందంటే, కాలు ఎత్తి సరిహద్దు గీసుకునే మేం ఎంత నయం!

శిక్షణ మొదలైంది. నా బాధా మొదలైంది. మాస్టారు చెప్పింది ఒకటే మాట. "నెమ్మదిగా, తల్లీ. మాట్లాడుతూ పరిగెత్తగలగాలి. మాట తెగిందంటే వేగం ఎక్కువైనట్టే." ఆవిడ నెమ్మదిగా పరిగెత్తేది. పక్కనుంచి కుర్రాళ్లు దూసుకుపోయేవాళ్లు. ఒక పెద్దాయన, పొట్టతో సహా, దాటిపోయాడు. యాదయ్య ఊరుకోలేదు. "ఏంది మేడమ్, గింత మెల్లగ ఉరుకుతున్నరు? మా టైగర్ నయం." ఆవిడ మొహం ఎర్రబడింది, రెండడుగులు వేగం పెంచింది. మాస్టారు వెనకనుంచి దగ్గాడు. మళ్లీ తగ్గించింది. ఆ తగ్గించడం ఎంత కష్టమో నాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది! బైకు పోతుంటే కూర్చోమని నాకెవరైనా చెబితే కూర్చోగలనా? ఒంట్లో సత్తువ ఉండగా దాన్ని వాడకుండా ఉండటం, అదీ పదిమంది చూస్తుండగా. ఆ చదువు మా జాతిలో లేదు.

మరి ఆ నెమ్మదిలో ఏముందో ఒక ఆదివారం నాకు తెలిసొచ్చింది. వారానికోసారి లాంగ్ రన్ అని ఉంటుంది. ఆవిడ ఆ రోజు పార్కు చుట్టూ తిరుగుతూనే ఉంది. నేనూ వెంట వెళ్లాను. మొదటి చుట్టు ముందు నేనే. రెండో చుట్టుకి పక్కపక్కన. వాన పడి వెలిసిన పొద్దు, గాలి కదలడం లేదు, ఉక్క. మూడో చుట్టులో నా నాలుక రోడ్డుకి ఆనేంత వేలాడింది. ఆవిడ జుట్టు నుంచి నీళ్లు కారుతున్నాయి, చొక్కా ఒంటికి అతుక్కుపోయింది, మనిషి మాత్రం అదే వేగంతో, పక్కనున్న స్నేహితురాలితో కూతురి ఇంటర్ సీటు గురించి మాట్లాడుకుంటూ వెళ్లిపోయింది. నేను కొబ్బరిబోండాల బండి కింద కూలబడ్డాను.

మాస్టారు అప్పుడు జాలిపడి చెప్పాడు, నాకు కాదు, నన్ను చూపించి వాళ్లకి. కుక్కకి చెమట పాదాల కింద తప్ప పట్టదు. ఒళ్లు చల్లబడాలంటే నాలుక చాపి రొప్పాల్సిందే. మనిషికి ఒంటినిండా ఇరవై లక్షలకు పైగా చెమట గ్రంథులు, పైగా బొచ్చు లేదు. అందుకే కలహారి ఎడారి వేటగాళ్లు మిట్టమధ్యాహ్నం ఎండలో జింక వెంట గంటల తరబడి పడేవారట. వేగంలో దానికి అందరు. అది పారిపోయి నీడలో ఆగితే, వీళ్లు అడుగుల జాడ పట్టుకుని మళ్లీ వచ్చేస్తారు. మళ్లీ పారిపోతుంది, మళ్లీ వస్తారు. చివరికి ఒంటి వేడి తట్టుకోలేక జింకే నిలబడిపోతుంది. వేల్స్ దేశంలో 1980 నుంచి మనుషులకీ గుర్రాలకీ కలిపి పందెం పెడుతున్నారని కూడా చెప్పాడు. పరిగెత్తేవాళ్ల మీద ఏటా గుర్రమే గెలుస్తూ వచ్చి, 2004లో హ్యూ లాబ్ అనే మనిషి మొదటిసారి గెలిచాడట. మంచు దేశాల్లో బండ్లు లాగే మా వాళ్లు రోజుల తరబడి పరిగెడతారన్న సంగతి మాస్టారు చెప్పలేదు. అక్కడ చలి మాకు సాయం చేస్తుంది. హైదరాబాద్ ఉక్కలో మాకెవరున్నారు?

మా వంశం పరువు కాపాడింది అమెరికాలో ఒక ఆడది. పేరు లుడివైన్, బ్లడ్‌హౌండ్ జాతి. 2016 జనవరిలో అలబామాలో ఎల్క్‌మాంట్ అనే ఊళ్లో, దాన్ని కాలకృత్యాలకని వదిలితే హాఫ్ మారథాన్ వాళ్లలో కలిసిపోయి, దారిలో వాసనలు చూస్తూ, ఆవుల్ని పలకరిస్తూ కూడా ఏడో స్థానంలో ముగించింది. మెడలో పతకం వేశారు. ఆ ఫొటో ఫోన్‌లో చూపించి "చూడు టైగర్, నీకేం రోగం?" అని అంతా నన్ను ఏడిపించారు. జనవరి కదా అని నేను అన్నాను. వాళ్లకి మొరుగులా వినిపించి ఉంటుంది.

వారంలో మిగతా రోజుల సంగతి క్లుప్తంగా చెబుతాను, అందులో చూడ్డానికేం లేదు. ఒకరోజు ఎత్తు ఎక్కడం, ఒకరోజు కాస్త వేగం, మూడు రోజులు తేలిక పరుగు, ఒకరోజు పూర్తి విశ్రాంతి. మూడు వారాలు దూరం కొంచెం కొంచెం పెంచి నాలుగో వారం తగ్గించడం. వాన పడితే? పరిగెత్తడమే. బూట్లు తడిసి చప్పచప్పమంటుంటే, చంకల కింద, తొడల మధ్య ఒరుసుకోకుండా వాజిలీన్ పూసుకుని. ఆదివారాలు అరుగు మీద అరటిపళ్లు, ఖర్జూరాలు, పల్లీ చిక్కీలు, ఉప్పు కలిపిన నిమ్మనీళ్లు. ఒట్టి నీళ్లే లీటర్లకొద్దీ తాగితే ఒంట్లో ఉప్పు పలచబడి ప్రాణం మీదికొస్తుందని మాస్టారు కేకలేసేవాడు.

అసలు పరీక్ష కాళ్లకి కాదని నాకు అర్థమైంది, ముప్ఫై కిలోమీటర్ల రోజున. మాస్టారి లెక్క ప్రకారం మనిషి కండల్లో, కాలేయంలో దాచుకున్న పిండిపదార్థపు ఇంధనం చాలామందికి ముప్ఫై, ముప్ఫై రెండు కిలోమీటర్ల ప్రాంతంలో అడుగంటుతుంది. దాన్నే వీళ్లు గోడ అంటారు. మొదట్లో ఎంత దూకుడుగా పోతే గోడ అంత ముందుకొస్తుంది. ఆ రోజు ఆవిడ గేటు దాటినప్పుడల్లా మొహం చూశాను. మొదట్లో కబుర్లున్నాయి. తర్వాత కూనిరాగాలు. ఆ తర్వాత ఏమీ లేదు. బాధ కూడా లేదు, విసుగు. అదే చెట్టు, అదే కొబ్బరిబోండాల బండి, అదే నేను. మాంసం ఎప్పుడో అయిపోయిన ఎముకని సాయంత్రం దాకా కొరుకుతూ కూర్చుంటామే, ఆ ఓపిక ఆవిడ మొహంలో కనిపించింది. రుచి ఉందని కాదు, వదలడం ఇష్టంలేక. మనిషిలో నాకు తెలిసిన గుణం కనపడటం అదే మొదలు.

మాస్టారు పక్కన సైకిల్ మీద వచ్చి అడిగేవాడు. "ఇప్పుడెక్కడున్నావమ్మా?"

"ఇంకా పదకొండు ఉంది సార్."

"నేనడిగింది అది కాదు. ఎదురుగా ఏముంది?"

"కరెంటు స్తంభం."

"దాని దాకా పద. తర్వాత సంగతి తర్వాత."

జులైలో ఒకసారి ఆవిడ మధ్యలోనే ఆగి ఫుట్‌పాత్ మీద కూర్చుంది. మోకాలికీ చీలమండకీ మధ్య ఎముక మీద వేలు పెడితే ఒకేచోట చురుక్కుమంటోంది. పిక్క అంతా పట్టేసినట్టుంటే అది రోజూ ఉండేదే, పరిగెత్తవచ్చు. ఎముక మీద ఒకే చుక్కలో నొప్పంటే ఆగి తీరాలని మాస్టారు డాక్టరు దగ్గరికి పంపాడు. రెండు వారాలు పరుగు బంద్. ఆవిడ అయినా పొద్దున్నే వచ్చేది. అరుగు మీద కూర్చుని, పరిగెత్తేవాళ్లని చూస్తూ నా చెవి గోకేది, చాలా గట్టిగా. ఎత్తులెక్కడం, ముప్ఫైలు, వానలు, వాటన్నిటికంటే ఈ కూర్చోవడమే ఎక్కువ శ్రమని ఆ గోకుడులో తెలిసింది. అలాంటి నొప్పితోనే ఇంకో ఇద్దరు మొండిగా పరిగెత్తి ఆ ఏడు పందెం దాకా రాలేదు. మొండితనాన్నే గుండెధైర్యమని పొగిడేవాళ్లంటే నాకు అప్పట్నుంచి గిట్టదు.

మాస్టారికి దేవుడు శివ్‌నాథ్ సింగ్. బిహార్ నుంచి వచ్చిన సైనికుడు, చాలా పందేలు ఉత్త కాళ్లతోనే పరిగెత్తాడు. 1978లో జలంధర్‌లో రెండు గంటల పన్నెండు నిమిషాల్లో మారథాన్ ముగించాడు. ఆ రికార్డు దశాబ్దాల తరబడి దేశంలో ఎవరికీ చిక్కలేదు. 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో అబెబె బికిలా కూడా ఉత్త కాళ్లతోనే గెలిచాడట. ఇవి విన్నరోజు నేను నా పాదాలు నాకి చూసుకున్నాను. వేలకు వేలు పోసి కొన్న బూట్ల మధ్య కూర్చున్నవాడికి అదేం తప్పు కాదు కదా.

పందెం ముందు రెండు మూడు వారాలు దూరం తగ్గించేస్తారు, టేపర్ అంటారు. ఆ రోజుల్లో ఆవిడ మనిషి కాదు. కాళ్లలో బలం పేరుకుపోయి కదలక నిద్రపట్టదు. లేని జలుబు వచ్చిందంటుంది. మడమ నొప్పి అంటుంది, మర్నాడు అది రెండో కాలికి మారుతుంది. "గిదేం పరేషాన్ మేడమ్" అని యాదయ్య చాయ్ తెచ్చిచ్చేవాడు.

ఆ ఆదివారం చీకట్లోనే నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజా దగ్గర బయల్దేరారు. రాజ్‌భవన్ రోడ్డు, పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కి దిగి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్‌కి వస్తారు. నేను అక్కడికే వెళ్లి కూర్చున్నాను, వేరే గుంపు సరిహద్దని తెలిసీ. మొదట వచ్చినవాళ్లు గాలిలా పోయారు. వాళ్లని తరమబుద్ధి కూడా కాలేదు. తర్వాత టైము రాసిన జెండాలు వీపుకి కట్టుకున్న పేసర్లు, వాళ్ల వెనక గుంపులు. ఎత్తు మీద చాలామంది అప్పటికే నోరు తెరిచి ఎక్కుతున్నారు. ఆవిడ వచ్చింది. పక్కన ఎంతమంది దాటిపోతున్నా ఆ పాడు నెమ్మది వదల్లేదు. నేను లేచి పెద్దమ్మ గుడి దాకా పక్కనే పరిగెత్తాను. చూసి నవ్వింది, ఆగలేదు, బిస్కెట్టు కూడా ఇవ్వలేదు. వాలంటీరు కుర్రాడు కర్రతో అదిలించాడు. అక్కడ్నించి రోడ్ నంబర్ 45, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి, ఆ పైన గచ్చిబౌలి. మిగతాది అరుగు కింద విన్నదే. ఎండెక్కాక ముందు దూసుకెళ్లినవాళ్లు ఫ్లైఓవర్ల మీద నడుస్తూ కనిపించారట, ఒక్కొక్కళ్లనీ దాటుకుంటూ ఐదు గంటల లోపే గచ్చిబౌలి స్టేడియంలోకి చేరిందట. ఆఖర్లో ఏమాలోచించావని మాస్టారు అడిగితే, "ఏముంది సార్, స్తంభాలే" అంది.

మంగళవారం ఆవిడ వచ్చింది. మెట్లు వెనక్కి తిరిగి దిగుతోంది, ముందుకి దిగితే తొడలు ఒప్పుకోవడం లేదట. కాలి బొటనవేలి గోరు నల్లబడింది. ఇక కొన్నాళ్లు ఇంట్లో పడుకుంటుందిలే అనుకుంటే, అరుగు మీద కూర్చుని ఫోన్‌లో ముంబయి మారథాన్‌కి పేరు కట్టేసింది. జనవరిలో అట. అక్కడ పెడ్డర్ రోడ్ అని ఒక ఎత్తుందని మాస్టారు అప్పుడే మొదలుపెట్టాడు. యాదయ్య నోరు తెరిచి వింటున్నాడు. ముంబయి వీధుల్లో మా వాళ్లు ఎలాంటివాళ్లో, ఆగి నిలబడితే ఊరుకునే రకమో కాదో వీళ్లెవరికీ పట్టలేదు. ఆవిడ అటు వెళ్లిన వారం ఇక్కడ నాకు పార్లేజీ ఎవరు పెడతారన్నది కూడా ఇంకా తేలలేదు. మాస్టారు పెట్టడు. ఆయన జేబులో ఎప్పుడు చూసినా ఖర్జూరాలే.