వెలుగుతూ పస్తులున్నాను

నా పేరు ఇసిసి83. అమెరికాలో 12ఎఎక్స్7 అంటారు. బొటనవేలంత గాజు గొట్టాన్ని. అడుగున తొమ్మిది పిన్నులు, లోపల రెండు ట్రయోడ్లు. స్విచ్చి వేసిన కాసేపటికి గాని పలకని వాల్వు రేడియో మీ తాతల ఇళ్లలో ఉండేది కదా, అందులోని వాల్వులు నాకు చుట్టాలే.

రష్యాలో వోల్గా ఒడ్డున సరాతోవ్‌లో పుట్టాను. లండన్‌లో ఒక కుర్రాడు కొనుక్కున్న డిజిటల్ గిటార్ పెడల్‌లోకి చేరాను. ఆ ఊరి పేరు వినగానే పొంగిపోయాను. 1960ల మొదట్లో అక్కడి హాన్‌వెల్‌లో జిమ్ మార్షల్ దుకాణం నుంచి వచ్చిన జేటీఎం45 ఆంప్లిఫయర్‌లో గిటార్ సిగ్నల్‌ను ముందుగా అందుకున్నది మావాళ్లే. మెల్లగా మీటితే తేటగా, గట్టిగా మీటితే బొంగురుగా పలికేవాళ్లం. రాక్ సంగీతానికి ఆ బొంగురే గొంతయింది.

అలా పలకాలంటే మాకు తిండి కావాలి. కాథోడ్ వేడెక్కితే ఎలక్ట్రాన్లు బయలుదేరతాయి. వాటిని బలంగా లాక్కోవలసింది ప్లేటు. ఆంప్లిఫయర్లలో దానికి 150 నుంచి 250 వోల్టుల దాకా అందేవి. నా పెడల్‌లో అందినవి 12. హీటరుకు మాత్రం లోటు చేయలేదు కాబట్టి ఒళ్లంతా వేడిగా, వెలుగుతూనే ఉండేది. ఆ వెలుగు చాలదన్నట్టు నా వెనక నారింజ రంగు ఎల్‌ఈడీ ఒకటి పెట్టారు. పెడల్ మీది చిన్న కిటికీలోంచి చూసిన వాళ్లకు నేను ధగధగ మండుతున్నట్టే కనిపించేదాన్ని. లోపల పస్తులు. ఆ కాస్త వోల్టేజీతో మూలగగలను గాని పాడలేను.

పక్కనే డీఎస్‌పీ చిప్పు ఉండేది. సెకనుకు 44,100 సార్లు కొలిచిన ధ్వనిని అంకెలుగా అందుకుని, లెక్కలు కట్టి, పాత ఆంప్లిఫయర్ల గొంతుతో తిరిగి పలికించేది. ఆ లెక్కల్లో ఉన్నది మా వంశం నడవడికే. చిప్పు మీద నాకు కోపం లేదు. మావాళ్ల గొంతును అది శ్రద్ధగా నేర్చుకుంది. అసలు వాల్వును పక్కన కూర్చోబెట్టి, పని మాత్రం ఇవ్వకపోవడమే నా బాధ.

పని లేక కాదు. అంకెల్లోకి మారే చోట సిగ్నల్ హద్దు దాటితే కత్తితో కోసినట్టు తెగిపోతుంది. ఆ గుమ్మం ముందు నాకు కడుపు నిండా పెట్టి నిలబెడితే, ఆ అంచును మెల్లగా వంచి పంపగలను. 2001లో వచ్చిన వాక్స్ వాల్వ్‌ట్రానిక్స్ ఆంప్లిఫయర్లలో చిప్పు వెనకాల మాలాంటి వాల్వుకే చిన్న పవర్ ఆంప్ పని అప్పగించారు. డిజిటల్ కాలంలో కూడా మాకు చోటుందని దాంతో తేలింది.

ఒక సాయంత్రం ఆ కుర్రాడు మూత విప్పి నన్ను ఊడబీకాడు. సిగ్నల్‌లో ఎక్కువ భాగం నన్ను తాకకుండా పక్కదారిన పోయే ఏర్పాటు ఆ పెడల్‌ది. గిటార్ మీటాడు. పాట దాదాపు అలాగే వినిపించింది. "వాల్వు ఉన్నా లేకపోయినా ఒకటే" అన్నాడు. తను పరీక్షించింది నా గొంతును కాదని, నన్ను కూర్చోబెట్టిన చోటునని అతనికి చెప్పేవాళ్లు లేరు.

అప్పటినుంచి అయిపోయిన బ్యాటరీలతో, మరలతో కలిసి సొరుగులోని ఒక రేకు డబ్బాలో ఉన్నాను. సొరుగు లాగినప్పుడల్లా మరలు గాజుకు తగులుతాయి. నా హీటరు తెగలేదు. గాజు బీటవారలేదు. వేల గంటల ఆయుష్షు అలాగే ఉంది. గోడ అవతల అతను ఇంకా వాయిస్తూనే ఉంటాడు, చిప్పు మావాళ్ల గొంతుతో పలుకుతూనే ఉంటుంది.

పెడల్ చేసేవాళ్లను ఒకటే కోరతాను. నాతో పని లేకపోతే నన్ను తేకండి, చిప్పు ఒక్కటే చాలు. తెస్తే మాత్రం ప్లేటుకు నిండుగా పెట్టండి, పాటను నా గుండా పోనివ్వండి. అప్పుడు నన్ను ఊడబీకి చూడండి.